వీల్‌చైర్‌తో ఇంటికొచ్చాక: గడప దగ్గర్నుంచి ఆఫీసు దాకా

ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అయ్యే రోజు చేతిలో మూడు కాగితాలు పెడతారు. మందుల చీటీ, ఫిజియో వ్యాయామాల బొమ్మలు, మళ్ళీ ఎప్పుడు రావాలో రాసిన తేదీ. ఇంటికెళ్ళాక బాత్రూంలోకి ఎలా పోవాలో, రాత్రి ఎన్నిసార్లు పక్కకు తిరగాలో, ఉద్యోగం ఏమవుతుందో వాటిలో ఉండదు. పన్నెండేళ్ళ కింద నేనూ ఆ మూడు కాగితాలతోనే ఇంటికొచ్చాను. బండి యాక్సిడెంట్‌లో వెన్నుపాము దెబ్బతింది. నడుం కింద కదలికా లేదు, స్పర్శా లేదు. ఇప్పుడు బోడుప్పల్‌లో ఉంటాను. వారానికి మూడు రోజులు రాయదుర్గం దగ్గర ఆఫీసుకు వెళ్తాను, మిగతా రెండు రోజులు ఇంటి నుంచే పని చేస్తాను.

ముందుగా ఒక్క మాట చెప్పాలి. మా ఇంట్లో మొదటి రెండేళ్ళు అన్నీ "నడక వచ్చాక" అనే మాట దగ్గరే ఆగిపోయాయి. బాత్రూం మార్చడం నడక వచ్చాక, ఉద్యోగం నడక వచ్చాక, చుట్టాలింటికి వెళ్ళడం కూడా నడక వచ్చాకే. నూనె మర్దనలకు, పసరు కట్లకు ఊరూరా తిరిగాం. డబ్బు పోయింది, అంతకంటే ఎక్కువగా రెండేళ్ళ వయసు పోయింది. ఫిజియో మానమని నేను చెప్పడం లేదు, ఆశ వదులుకోమనీ చెప్పను. ఇవాళ ఉన్న ఒంటితో ఇవాళ్టి రోజు గడిచేలా మాత్రం ఇవాళే ఏర్పాటు చేసుకోండి. దానికి ఒక వరుస ఉంది: ఒళ్ళు, బాత్రూం, కుర్చీ, కాగితాలు, ఫోన్, ప్రయాణం, ఆ తర్వాత పని. బాత్రూం కుదరకుండా ఉద్యోగంలో చేరితే నెల తిరక్కుండా మానేయాల్సి వస్తుంది. నాకు అలాగే జరిగింది.

నాది వెన్నుపాము దెబ్బ కాబట్టి ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను. మీకు కాలు తీసేసి ఉండొచ్చు, పోలియో కావచ్చు, కండరాల జబ్బు కావచ్చు. మీకు పనికొచ్చినంత వరకు తీసుకోండి.

ముందు చర్మం

స్పర్శ లేని చోట నొప్పి తెలియదు. గంటల తరబడి ఒకేలా కూర్చున్నా ఒళ్ళు మనల్ని హెచ్చరించదు. ఎముకకూ కుర్చీకీ మధ్య నలిగిన చర్మానికి రక్తం అందక లోపల్నుంచి చెడిపోవడం మొదలవుతుంది. పైకి చిన్న మచ్చే కనబడుతుంది.

మా అక్క పెళ్ళికి పంచె చక్రాల్లో పడుతుందని జీన్స్ వేసుకున్నాను. పొద్దున ముహూర్తం నుంచి సాయంత్రం అప్పగింతల దాకా కుర్చీలో కదలకుండా కూర్చున్నాను. ఒకరి తర్వాత ఒకరు వచ్చి పలకరిస్తుంటే బరువు మార్చుకోవాలన్న ధ్యాసే లేదు. రాత్రి బట్టలు మారుస్తూ అమ్మ ఒక్కసారిగా ఆగిపోయింది. జీన్స్ వెనక జేబుకున్న బొత్తాం అచ్చు గుండ్రంగా ఒంట్లోకి దిగి ఉంది. రూపాయి బిళ్ళంత కూడా లేదు. అది మానడానికి నాలుగు నెలలు బోర్లా పడుకున్నాను. అందుకే వెనక జేబులు, మందపాటి కుట్లు ఉన్న ప్యాంట్లు వేసుకోవద్దని ముందే చెప్తున్నాను.

రోజూ చేయాల్సింది ఇది. కూర్చున్నప్పుడు పావుగంటకో అరగంటకో ఒకసారి పిరుదుల మీద బరువు తీయండి. చేతుల మీద ఒంటిని పైకెత్తితే భుజాలు అరిగిపోతాయి. దానికంటే ఛాతీ తొడలకు ఆనేలా ముందుకు వంగి, లేదా ఒక పక్కకు బాగా ఒరిగి రెండు నిమిషాలు ఉండటం మేలు. ఫోన్లో అలారం పెట్టుకోండి, ఆ మోత ఆఫీసులో అందరికీ అలవాటైపోతుంది. మంచం మీద ఉన్నప్పుడు, ముఖ్యంగా మొదటి నెలల్లో, రెండు గంటలకోసారి పక్క మార్చాలి. రాత్రి పడుకునే ముందు చేతి అద్దంతో గానీ ఫోన్ కెమెరాతో గానీ తోక ఎముక, పిరుదుల కింద ఎముకలు, తుంటి పక్కలు, చీలమండలు, మడమలు చూసుకోండి. మచ్చను వేలితో నొక్కి వదిలినప్పుడు రంగు మారకుండా అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. మన చామనచాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా తెలియదు, కాబట్టి చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిగా తగులుతోందా, రంగు ముదిరిందా అని చేత్తో తడిమి చూడాలి. అనుమానం వస్తే ఆ చోట మీద బరువు పూర్తిగా ఆపేసి డాక్టర్‌కు చూపించండి. "రేపు చూద్దాం" అన్న ఒక్క రోజులో పుండు ఎంత లోతుకు పోతుందో నేను చూశాను.

కాలడం ఇంకో ప్రమాదం. ల్యాప్‌టాప్ తొడల మీద పెట్టుకోకండి. చాయ్ గ్లాసు తొడల మధ్య పెట్టుకుని కుర్చీ తోసుకోకండి. స్నానం నీళ్ళను స్పర్శ ఉన్న చేత్తో ముందు చూసుకోండి. మెడ దగ్గరో ఛాతీ పైభాగంలోనో దెబ్బ తగిలినవారికి ఆ కింద చెమట పట్టదు, అందువల్ల ఒళ్ళు చల్లబడదు. హైదరాబాద్‌లో మే నెల ఎండ నలభై దాటినప్పుడు మధ్యాహ్నం బయటి పనులు పెట్టుకోకండి. వెళ్ళక తప్పకపోతే నీళ్ళు చల్లుకునే స్ప్రే సీసా, తడి తువ్వాలు దగ్గర ఉంచుకోండి.

మూత్రం, మోషన్ గడియారం ప్రకారం

దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. కానీ ఇల్లు వదిలి బయటికి వెళ్ళగలమా లేదా అన్నది తేల్చేది ఇదే.

మూత్రం తీయడానికి వేళకు వేసుకుని వెంటనే తీసేసే పైపు, అంటే సీఐసీ, డాక్టర్ నేర్పించి ఉంటే నాలుగు నుంచి ఆరు గంటలకోసారి తప్పకుండా వేసుకోండి. ఒక్కసారికి వచ్చేది 500 మిల్లీలీటర్లు దాటుతుంటే మధ్య సమయం తగ్గించాలి. బయటికి వెళ్తున్నామని పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా ఉండటం మనందరం చేసే తప్పు. దాంతో ఇన్‌ఫెక్షన్, రాళ్ళు, మలబద్ధకం అన్నీ వస్తాయి. నీళ్ళు మామూలుగా తాగుతూ పైపు వేళలు సరిచూసుకోండి. జ్వరం, చలి, మూత్రం మసకబారి వాసన రావడం, కాళ్ళు మామూలు కంటే ఎక్కువగా బిగుసుకుపోవడం, ఇవి కనబడితే పరీక్ష చేయించుకోండి. ఏ ఇబ్బందీ లేకుండా రిపోర్టులో మాత్రమే బ్యాక్టీరియా కనబడిందని మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగకండి, డాక్టర్ని అడగండి. ఏడాదికోసారి కిడ్నీల స్కానింగ్ చేయించుకోండి, బాగున్నా సరే.

మోషన్‌కు రోజూ ఒకే వేళ పెట్టుకోండి. టిఫిన్, చాయ్ అయిన అరగంటకు పేగులు సహజంగానే కదులుతాయి. ఆ సమయాన్ని వాడుకోండి. ఒంటికి అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ వారాల్లో వేళ మార్చకండి.

ఛాతీ మధ్యభాగానికి పైన, అంటే వెన్నులో డాక్టర్లు టీ6 అనే స్థాయిలో గానీ ఆ పైన గానీ, దెబ్బ తగిలినవారు ఒక విషయం ఇంట్లో అందరికీ నేర్పాలి. హఠాత్తుగా తల పగిలిపోయేంత నొప్పి, ముఖం మీద చెమటలు, బీపీ పెరగడం జరిగితే పడుకోబెట్టకూడదు. కూర్చోబెట్టాలి. బట్టలు, బెల్టు వదులు చేయాలి. పైపు మెలికపడిందా, మూత్రం నిండిపోయిందా, మోషన్ ఆగిందా అని చూడాలి. చాలాసార్లు కారణం అదే, అది తీసేస్తే నిమిషాల్లో బీపీ దిగుతుంది. దిగకపోతే 108కి ఫోన్ చేయండి. దీన్ని అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. ఈ పేరు, మీ దెబ్బ ఏ స్థాయిలో ఉందో, మీ మామూలు బీపీ ఎంతో ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఎమర్జెన్సీలో ఉన్న డాక్టర్‌కు ఆ చీటీ చాలా సాయపడుతుంది.

చిన్నప్పుడు పోలియో వచ్చి, ఇప్పుడు నలభైలు, యాభైల్లో ఉన్నవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు. ఇన్నేళ్ళు బాగానే నడిచి ఇప్పుడు కొత్తగా నీరసం, కండరాల నొప్పి, బలం తగ్గడం మొదలైతే అది పోస్ట్ పోలియో కావచ్చు. బద్ధకమని మిమ్మల్ని మీరు తిట్టుకుంటూ ఎక్కువ వ్యాయామం చేస్తే ఇంకా చెడుతుంది. న్యూరాలజీలో చూపించుకోండి. దూరాలకు కుర్చీ వాడటం ఓటమేమీ కాదు, ఉన్న బలాన్ని దాచుకోవడం.

బాత్రూం, గడప, మంచం

ఇంచుల టేపు తీసుకుని ముందు కుర్చీ మొత్తం వెడల్పు కొలవండి, చక్రాల బయటి రింగుతో సహా. తర్వాత ప్రతి తలుపు సందు కొలవండి. మా బాత్రూం తలుపు కాగితం మీద రెండున్నర అడుగులు. ఫ్రేము, తలుపు మందం పోగా మిగిలింది 25 అంగుళాలు. నా కుర్చీ 25న్నర. ఆ అర అంగుళం వల్ల చాలాకాలం నాన్న నన్ను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళారు, ఆయన నడుం పట్టేసింది. చివరికి చేసిందల్లా తలుపు పీకేసి మందపాటి కర్టెన్ కట్టడం. కార్పెంటర్‌కు గంట పని. తర్వాత డబ్బు చూసుకుని పక్కకు జరిగే తలుపు పెట్టించాం. కొత్తగా కట్టుకునేవాళ్ళు మూడు అడుగుల తలుపు, లోపల కుర్చీ తిరగడానికి అయిదడుగుల ఖాళీ పెట్టించండి.

కమోడ్ ఎత్తు, మీ కుర్చీ మెత్త ఎత్తు ఒకటిగా ఉంటే అటూ ఇటూ మారడం సులువు. గోడకు స్టీలు రాడ్లు బోల్టులతో బిగించండి. గాలితో అతుక్కునే రాడ్లు ఒక రోజు ఊడిపోతాయి, ఆ రోజు మీరు దాని మీదే బరువు వేసి ఉంటారు. చేత్తో పట్టుకునే షవరు, జారని టైల్స్ పెట్టించండి. ఇంకేదీ కుదరకపోతే చక్రాలున్న కమోడ్ కుర్చీ కొనండి, కోఠిలోని సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. మామూలు కుర్చీ కంటే సన్నగా ఉండి ఇరుకు తలుపుల్లో కూడా పోతుంది.

ఇక గడప. మేస్త్రీ వచ్చి పెద్ద గడప కొట్టేద్దామన్నాడు. "గడప తీస్తే ఇంట్ల లక్ష్మి నిలవదు బిడ్డా" అని అమ్మ ఏడ్చింది. నేను వాదించలేదు. గడపకు లోపల ఒకటి, బయట ఒకటి చెక్క వాలు పలకలు చేయించాం, మధ్యలో గడప అలాగే ఉంది. శుక్రవారం అమ్మ పలకలు పక్కకు జరిపి పసుపు రాసి, బొట్లు పెట్టి మళ్ళీ జరుపుతుంది. మీ ఇంట్లో కూడా ఇలాంటి గొడవ వస్తే పెద్దవాళ్ళ మనసు నొప్పించకుండా దారి దొరుకుతుంది, కొంచెం వెతకండి.

వాలు కట్టేటప్పుడు లెక్క ఒకటే: ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు. ఆరంగుళాల మెట్టుకు ఆరడుగుల వాలు కావాలి. చోటు లేదని మూడడుగుల్లో నిటారుగా కడితే ఎక్కలేరు, దిగేటప్పుడు ముందుకు పడతారు. అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ముందు రెండు మెట్లుంటే అసోసియేషన్‌కు నోటితో చెప్పి ఊరుకోకండి. ఎంత పొడవు, ఎంత ఖర్చు అని మేస్త్రీతో రాయించి, ఒక బొమ్మ జతచేసి కాగితం ఇవ్వండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టాన్ని అందులో ప్రస్తావించండి. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కూడా ఈ సదుపాయాల కనీస ప్రమాణాలు తప్పనిసరిగా పాటించేలా ఉండాలని, సలహాల్లా మిగిలిపోకూడదని తీర్పు చెప్పింది. ఆ కేసులో కోర్టు ముందుంచిన నివేదిక తయారుచేసింది మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయంలో వికలాంగుల అధ్యయన కేంద్రం. బామ్మలకు, పిల్లల బండ్లకు, గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయికి కూడా ఆ వాలు పనికొస్తుందని చెప్పండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒప్పించింది చివరికి ఆ మాటే.

మంచం ఎత్తు కుర్చీ ఎత్తుతో సమానంగా పెట్టుకోండి, ఎక్కువైతే కాళ్ళు కోయించండి, తక్కువైతే దిమ్మలు పెట్టండి. మంచం నుంచి కుర్చీలోకి మారడం ఇలా. కుర్చీని మంచానికి కొంచెం ఏటవాలుగా ఆనించండి. రెండు బ్రేకులు వేసి, ఒకసారి కదిపి చూడండి. మంచం వైపు చేతి రెస్టు తీసేయండి, కాళ్ళ పలకలు పక్కకు మడవండి. పిరుదులు మంచం అంచుకు జరపండి, పాదాలు నేల మీద పూర్తిగా ఆననివ్వండి. ఒక చెయ్యి మంచం మీద, ఒకటి కుర్చీ సీటు మీద. ఇప్పుడు తల, భుజాలు మీరు వెళ్ళే వైపుకు ఎదురుదిక్కులో ముందుకు వంచండి. తల అటు పోతే నడుం ఇటు తేలుతుంది, అసలు కిటుకంతా ఇదే. భుజాల్లో బలం చాలకపోతే నున్నగా పాలిష్ చేసిన, రెండున్నర అడుగుల చెక్క పలక రెంటి మధ్య వేసి జారండి. మొదటి నెలంతా ఎవరో ఒకరు ఎదురుగా నిలబడాలి.

కుర్చీ మీ కొలతకు

ఆస్పత్రిలో ఇచ్చే మడత కుర్చీ రోగిని తోసుకెళ్ళడానికి చేసింది. దాన్లో మీరు మీ అంతట మీరు రోజంతా తిరగలేరు. సీటు వెడల్పు మీ తుంటికి రెండు పక్కలా ఒక్కో అంగుళం కంటే ఎక్కువ వదలకూడదు. వెడల్పైన కుర్చీలో ఒక పక్కకు ఒరిగిపోయి వెన్ను వంకరపోతుంది. మోకాలి వెనక, సీటు అంచుకు మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి. వెనక చక్రాలు బటన్ నొక్కితే ఊడివచ్చేవి తీసుకోండి, క్యాబ్‌లో వాటి విలువ తెలుస్తుంది. కుర్చీ కంటే ముందు మంచి మెత్త కొనండి. గాలి గదులున్నది గానీ జెల్ ఉన్నది గానీ. డబ్బు ఒకదానికే ఉంటే పాత కుర్చీ ఉంచుకుని మెత్త కొనమనే చెప్తాను.

దూరాలకు మోటారు కావాలంటే కుర్చీ ముందు తగిలించే మోటారు బండ్లు ఇప్పుడు మన దేశంలోనే తయారవుతున్నాయి. ఐఐటీ మద్రాసులో పుట్టిన నియోమోషన్ వాళ్ళ నియోబోల్ట్ అలాంటిదే. తగిలిస్తే కుర్చీయే మూడు చక్రాల బండి అవుతుంది, దిగాల్సినచోట విప్పేసి కుర్చీతో లోపలికి వెళ్ళొచ్చు. నడుం పైన బలం బాగున్నవారికి వెనక రెండు అదనపు చక్రాలు బిగించిన స్కూటరు కూడా మంచి దారే. ఆర్‌సీలో ఆ మార్పు నమోదు చేయించుకోండి, లైసెన్సు కూడా ఆ తరహా బండికే తీసుకోవాలి. లేకపోతే యాక్సిడెంట్ జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది. కేంద్రం నడిపే అలిమ్‌కో సంస్థ ఆదాయ పరిమితిలో ఉన్నవారికి ఆడిప్ పథకం కింద కుర్చీలు, ట్రైసైకిళ్ళు ఇస్తుంది. రాష్ట్రం తరఫున మలక్‌పేటలో ఉన్న వికలాంగుల సహకార సంస్థ ఇస్తుంది. ఉచితంగా వచ్చిందని కొలత సరిపోని కుర్చీలో రోజంతా కూర్చోకండి, దాన్ని ఊరెళ్ళినప్పటికి ఉంచుకోండి.

కాగితాలు

యూడీఐడీ కార్డు, అంటే వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు మొదటిది, మిగతావన్నీ దాని మీదే. స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే మెడికల్ బోర్డు ముందుకు పిలుస్తారు. చేయడం కష్టమనిపిస్తే ఇంటి దగ్గరి ఆన్‌లైన్ సెంటర్లో చేయించండి, కానీ ఫోన్ నంబరు మీదే ఇవ్వండి. బోర్డుకు వెళ్ళేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, ఎంఆర్ఐ రిపోర్టు, ఆపరేషన్ కాగితాలు అసలువి, జిరాక్సులు రెండూ పట్టుకెళ్ళండి. వైకల్యం 40 శాతం, ఆ పైన ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి. రాష్ట్రం ఇచ్చిన పాత వైకల్య ధ్రువపత్రం, అంటే సదరం సర్టిఫికెట్ ఉంటే పారేయకండి.

కార్డు వచ్చాక ఏమేం అడగాలో వరుసగా చెప్తాను. అర్హత ఉంటే తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే చేయూత పింఛను, 2023లో దాన్ని నెలకు 3,016 నుంచి 4,016 రూపాయలు చేశారు. ఆరోగ్యశ్రీ పరిమితి అదే ఏడాది డిసెంబరులో పది లక్షలైంది. రైల్లో తోడు లేకుండా వెళ్ళలేని ఆర్థో, అంటే కాళ్ళూ చేతుల వైకల్యం ఉన్నవారికి స్లీపర్, మామూలు రైళ్ళ థర్డ్ ఏసీల్లో 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం రాయితీ, తోడు వచ్చేవారికీ అంతే. దానికి రైల్వే నమూనాలో ప్రభుత్వ డాక్టర్ సంతకం చేసిన సర్టిఫికెట్ పెట్టి రైల్వే కార్డు విడిగా తీసుకోవాలి. జీతం వచ్చేవాళ్ళు పాత పన్ను విధానంలో ఉంటే వైకల్య మినహాయింపు (1961 నాటి చట్టంలో 80యు) కింద 75,000, వైకల్యం 80 శాతం, ఆ పైన ఉంటే 1,25,000 రూపాయలు ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. ఆఫీసులో చాలా ఎకౌంట్స్ వాళ్ళకు ఇది గుర్తుండదు, మీరే అడగండి.

అన్నీ స్కాన్ చేసి ఫోన్లో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి.

ఫోన్, కంప్యూటర్

చేతులు బాగున్నవారికి ఫోన్ మామూలుగానే సరిపోతుంది. వేళ్ళు సరిగ్గా ఆడనివారికి అదే చేతులవుతుంది. గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే తెలుగులోనే టైపవుతుంది. వాట్సాప్‌కు, మెయిల్‌కు అది చాలు. ఫోన్ మొత్తాన్నీ మాటతో నడపాలంటే ఆండ్రాయిడ్‌లో వాయిస్ యాక్సెస్ ఉంది. తెర మీద ప్రతి బటన్‌కూ ఒక అంకె వేస్తుంది, ఆ అంకె చెబితే నొక్కుతుంది. ఆదేశాలు ఇంగ్లీషులో చెప్పాలి, కానీ పది పదాలు నేర్చుకుంటే రోజు గడుస్తుంది. 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి కొత్త ఐఫోన్లలో కంటిచూపుతో నడిపే ఏర్పాటు కూడా ఉంది. ఒక్క వేలో, తలో మాత్రమే కదిలేవారికి స్విచ్ యాక్సెస్ ఉంది, ఒక్క బటన్‌తో ఫోనంతా నడుస్తుంది.

విండోస్ 11లో కూడా వాయిస్ యాక్సెస్ ఉంది. ఒక చేత్తో టైపు చేసేవారు షిఫ్ట్ కీ అయిదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ అడుగుతుంది, ఆన్ చేయండి. కంట్రోల్, ఆల్ట్ ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా పనిచేస్తాయి. ఇవన్నీ ఉచితం, మీ ఫోన్లో, కంప్యూటర్లో ఇప్పటికే ఉన్నాయి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అన్న చోట ఒక సాయంత్రం కూర్చుని ఒక్కోటీ ఆన్ చేసి చూడండి.

బయటికి

మెట్రో మనకు పెద్ద వరం. ప్రతి స్టేషన్లో లిఫ్టులున్నాయి, రైల్లో వీల్‌చైర్‌కు చోటుంది, ప్లాట్‌ఫారం, రైలు దాదాపు సమానంగా ఉంటాయి. నేను ఉప్పల్‌లో ఎక్కితే బ్లూ లైన్ మీద రాయదుర్గం దాకా మారాల్సిన పని లేదు. ఉప్పల్ కూడలిలో 2023లో కట్టిన స్కైవాక్‌కు కూడా లిఫ్టులు ఉండటంతో రోడ్డు దాటే భయం పోయింది. మీరు ఎక్కే స్టేషన్‌కు ఒకసారి ఖాళీ సమయంలో, మధ్యాహ్నం వేళ, తోడు తీసుకుని వెళ్ళి చూసి రండి. లిఫ్ట్ రోడ్డుకు ఏ వైపు ఉంది, లిఫ్ట్ ముందు ఫుట్‌పాత్ ఎక్కగలరా, దగ్గర్లో టాయిలెట్ ఏది, చూసి ఫోన్లో రాసుకోండి. రైలు ఎక్కేటప్పుడు ముందు చిన్న చక్రాలు కొంచెం పైకెత్తండి, లేదా వెనక్కి తిరిగి పెద్ద చక్రాలతో ముందు ఎక్కండి. చిన్న చక్రం సందులో ఇరుక్కుంటే మీరు ముందుకు పడతారు.

క్యాబ్ బుక్ చేయగానే డ్రైవర్‌కు ఫోన్ చేసి చెప్పండి: "అన్నా, నాది వీల్‌చైర్. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉందా?" సిలిండర్ ఉంటే డిక్కీలో సగం చోటు అదే తినేస్తుంది. చక్రాలు ఊడదీసి ఫ్రేము వెనక సీట్లో, చక్రాలు డిక్కీలో పెట్టించండి. మీరు ముందు సీట్లో కూర్చోండి. సాయం చేసేవాళ్ళకు ఎలా చేయాలో మీరే చెప్పాలి. మంచి మనసుతోనే చేయి పట్టి గుంజేస్తారు, చెప్పకపోతే వాళ్ళకు మాత్రం ఎలా తెలుస్తుంది? "చేయి పట్టొద్దన్నా, కుర్చీని మాత్రం కదలకుండా పట్టుకో" అంటే చాలు. విమానంలో వెళ్తుంటే కనీసం రెండు రోజుల ముందు ఎయిర్‌లైన్‌కు చెప్పండి.

పని

దెబ్బ తగిలేనాటికి ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే ఏ కాగితం మీదా రాజీనామా సంతకం పెట్టకండి. 2016 చట్టం 20వ సెక్షన్ ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి, ఆ పోస్టు లేకపోతే అదనపు పోస్టులో కొనసాగించాలి. ఇంట్లోవాళ్ళు టెన్షన్‌లో "ఇక చేయలేడు కదా" అని సంతకం చేయించిన కుటుంబాలు నాకు తెలుసు.

కొత్తగా వెతికేవారికి: ప్రభుత్వ ఖాళీల్లో నాలుగు శాతం రిజర్వేషన్ ఉంది, అందులో ఒక శాతం శారీరక వైకల్యం ఉన్నవారికి. పరీక్ష రాయడానికి చేయి ఇబ్బంది పెడితే రాసిపెట్టే మనిషిని, గంటకు కనీసం ఇరవై నిమిషాల అదనపు సమయాన్ని ముందే అడగాలి. విద్యానగర్‌లో దివ్యాంగుల కోసం కేంద్ర కార్మిక శాఖ నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ ఉంది. మీ చేత ఏం చేయించొచ్చో అంచనా వేస్తారు, శిక్షణ ఇస్తారు. ప్రైవేటు ఉద్యోగాలకు 2011 నుంచి ఇదే పని మీద ఉన్న యూత్4జాబ్స్ సంస్థ మన హైదరాబాద్‌దే. ఇరవై మంది, ఆ పైన ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ దివ్యాంగులకు ఏ సదుపాయాలిస్తుందో తన సమాన అవకాశాల విధానంలో రాసి పెట్టాలి. ఇంటర్వ్యూకు ముందు ఆ కంపెనీ వెబ్‌సైట్లో అది వెతకండి.

నా మొదటి ఇంటర్వ్యూ ఒక ఆఫీసులో మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. రెండు గంటలు ప్రయాణం చేసి వెళ్ళి కింద సెక్యూరిటీ గదిలో కూర్చున్నాను. ఎవరో దిగివచ్చి సారీ చెప్పి పంపేశారు. ఆ రోజు నుంచి ఇంటర్వ్యూ పిలుపు రాగానే ఒక మెయిల్ పెడతాను, అందులో మూడే ప్రశ్నలు: గేటు నుంచి నా సీటు దాకా మెట్లు ఉన్నాయా? వీల్‌చైర్ పట్టే టాయిలెట్ ఏ అంతస్తులో ఉంది? టేబుల్ కింద మోకాళ్ళు పట్టే ఖాళీ ఉందా? జవాబు ఎలా వచ్చిందో చూస్తే ఆ ఆఫీసు ఎలాంటిదో సగం తెలిసిపోతుంది. మిగతా సగం టాయిలెట్ చూస్తే తెలుస్తుంది. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు వెళ్ళి చూడండి. వీల్‌చైర్ బొమ్మ వేసిన గదిలో చీపుర్లు, బకెట్లు పెట్టి తాళం వేసి ఉంటే అప్పుడే చెప్పండి.

ఇంటర్వ్యూలో దాచొద్దు, ఎక్కువ కథా చెప్పొద్దు. ఏ పని చేయగలరో ముందు, దానికి ఏం కావాలో తర్వాత. నేను అడిగినవి: పొద్దున పది తర్వాత షిఫ్టు, మధ్యాహ్నం ఇరవై నిమిషాలు పడుకోవడానికి ఒక గది, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని. ఇచ్చారు. పూర్తిగా ఇంటి నుంచే చేసే ఉద్యోగాలు ఇప్పుడు చాలా ఉన్నాయి, మొదలుపెట్టడానికి మంచివే. కానీ వీలైతే కొన్ని రోజులైనా వెళ్ళండి. నాలుగు గోడల మధ్య మనిషి తెలియకుండానే కుంగిపోతాడు. నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం రెండు వారాలు దాటితే డాక్టర్‌కు చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు తీసుకోరు.

చివరగా, పని లేకుండా కూడా బయటికి వెళ్ళండి. ఆస్పత్రికి, బోర్డుకు, బ్యాంకుకు మాత్రమే బయటికి వెళ్తే బయట అంటేనే విసుగొస్తుంది. ఈ ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక నెక్లెస్ రోడ్డుకు వెళ్ళండి. బయల్దేరే ముందు పైపు వేసుకోండి, రెండున్నర గంటల్లో తిరిగొచ్చేలా చూసుకోండి. కుర్చీ వెనక సంచిలో నీళ్ళ సీసా, అదనంగా ఒక పైపు, శానిటైజర్, ఒక జత ప్యాంటు, పాలిథిన్ కవరు, గాలి కొట్టే పంప్ పెట్టుకోండి. మొక్కజొన్న పొత్తు కాల్పించుకుంటే పొత్తు చల్లారేదాకా చేతిలోనే పట్టుకోండి, ఒళ్ళో పెట్టుకోకండి.